అయిదో తూము తెల్లదీపం

…అది కాదే సింధూ, ‘నేను’ అని రాయకు. కొట్టెయ్యి. ‘సత్తిరాజు’ అని రాయి, ‘అతను’ అని రాయి. నేను అంటే కథ కదలదు. ఎవడో ఒక సత్తిరాజు, ఉప్పుకట్ట మీద మొదటి తూము చూసుకునే లస్కరు, అలాగనుకుని చెబుతాను. నువ్వు చదువుకున్నదానివి. నా యాస సరిచేసి, పుస్తకాల్లో ఉన్నట్టు రాసుకో. సంగతి మాత్రం మార్చకు. నేను నిదానంగా చెబుతాను, కంగారు పెట్టకు. నీ అన్నప్రాసన మర్నాటి సంగతి ఇది. ఇరవై రెండేళ్ళయింది. రాత్తన్నావా? ఊఁ.

ఆ తెల్లవారుజామున కూడా సత్తిరాజు ఒజ్జ అనే యంత్రం తలుపు తీసి, తొమ్మిది పాఠం బిళ్ళలూ వరసగా గూళ్ళలో పెట్టాడు. ముందురోజు సాయంత్రం కాలవల ఆఫీసు నుంచి వచ్చిన బిళ్ళలవి. ఒకటో తూముది ఒకటో గూట్లో, తొమ్మిదో తూముది తొమ్మిదో గూట్లో. అక్షరం రాకపోయినా అంకెలు వచ్చు. ఆ పనికి అంతకంటే చదువు అక్కర్లేదు.

మూడు రోజుల ముసురు అప్పుడే తెరిపిచ్చింది. సెల్ టవర్లు పడిపోయి మూడు రోజులైంది. కట్ట లోపల పాతిన తీగలు తప్ప కట్ట మీద పలికేది ఏదీ లేదు.

సముద్రం మూడు మైళ్ళు లోపలికి వచ్చాక కట్టిన కట్ట అది. పన్నెండు కిలోమీటర్ల పొడవు, తొమ్మిది తూములు. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు తూములెత్తితే పొలాల్లో నీళ్ళు బయటికి పోతాయి. పోటు తిరగకముందే దించెయ్యాలి. తొమ్మిదీ ఒక్కసారే లేవాలి. ఒక్కటి తొందరపడి ముందు లేచిందంటే, నీరంతా దాని మీదికే పరిగెత్తి నల్లమట్టి కట్టని వెన్నముద్దలా కోసేస్తుంది.

అందుకని ప్రతి తూముకీ ఒక దిద్దుపలక పెట్టారు. అరచేతిలో సగం ఉండే నల్లటి ముక్క. దానికి పుట్టుకతో ఏ పనీ రాదు. ఏ పని దిద్దిస్తే ఆ పని చేస్తుంది. సాయంత్రం కరెంటు తీసేస్తే మొత్తం మరిచిపోతుంది. కావాలనే మరిచిపోయే రకం పెట్టారు. అంతకుముందు గుర్తుంచుకునేవి ఉండేవి. ఒక పిడుగు రోజున వాటిలో ఒకటి నిన్నటి పాఠాన్నే పట్టుకుని కూర్చుని, పోటు వేళ తూము ఎత్తేసింది. రెండు ఊళ్ళు ఉప్పునీళ్ళ పాలయ్యాయి. అప్పటినుంచి ఏ రోజు పాఠం ఆ రోజుదే. ఆ రోజు చంద్రుడు ఎక్కడున్నాడు, ఏట్లో నీళ్ళెంత, వానెంత, అన్నీ చూసి రాసిన పాఠం.

పాఠం చెప్పేది ఒజ్జ. మొదటి తూము గదిలో, బీరువా అంత ఇనప్పెట్టెలో ఉంటుంది. ఒజ్జకి ఒక్కటే పాఠం తీగ. దానిమీద తొమ్మిది పాఠాలూ ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటూ పోతుంది. ఎవరిది ఎవరికి చేరిందో దానికి పట్టదు. మొదటి పలక తనకి సరిపడా తీసుకుని, నిండాక, ‘నాదైంది, ఇక నీ వంతు’ అని రెండోదానికి దారి వదులుతుంది. రెండోది నిండాక మూడోదానికి. పంక్తిలో వడ్డన లాంటిదే.

అయితే నిండిన పలక వెంటనే పనిలోకి దిగదు. తొమ్మిది పలకలూ కలిసి ఇంకో తీగని కిందికి లాగి పట్టుకుని ఉంటాయి. దాన్ని మేలుకొలుపు తీగ అంటారు. పాఠం వచ్చిన పలక తన పట్టు వదలాలంటే, ఆ తూము లస్కరు వచ్చి, ఇనపకడ్డీకి బిగించిన చేతిబిళ్ళ మీద అరచెయ్యి ఆనించాలి. ‘తలుపు కింద ఎవరూ లేరు, నేను పైనే ఉన్నాను’ అని దానికి అర్థం. తొమ్మిదోవాడు కూడా చెయ్యి ఆనిస్తేనే తీగ పైకి లేస్తుంది. అప్పుడు తొమ్మిది తూములూ ఒక్క మనిషిలా లేస్తాయి. అరగంటలో ఏ ఒక్కటి పట్టు వదలకపోయినా, ఒజ్జ అందరి పాఠమూ చెరిపేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది. ఒకడు తప్పితే అందరికీ మళ్ళీ ఓనమాలే.

ఒజ్జ మీద తొమ్మిది దీపాలు. పాఠం ఎక్కుతుంటే పసుపు. పాఠం వస్తే తెలుపు. చెయ్యి ఆనితే ఆకుపచ్చ.

తూములు లేచాకే కట్ట మీద కూత మోగేది. ఆ కూత అందాకే ఊళ్ళో కుళాయిలు, రేవు దాటించే పంటు, రైసుమిల్లు, బడిగంట, అన్నీ తమ తమ పలకలకి పాఠాలు ఎక్కించుకునేవి. ఆ రోజుల్లో ‘తెల్లారిందా’ అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఒకదానికొకటి ముడిపడ్డ తొమ్మిది తూముల్నీ కలిపి గొలుసు అంటారు కాబట్టి, ‘గొలుసు లేచిందా’ అనేవాళ్ళు.

అయిదో తూము లస్కరు సుబ్బరాయుడు. సత్తిరాజు అక్క తాయారు మొగుడు. లస్కర్ల ఇళ్ళన్నీ మొదటి తూము పక్కనే. నాలుగు కొట్టేసరికి ఎవరి సైకిలు వాళ్ళు తీసుకుని కట్ట మీద వెళ్ళిపోయేవారు. సుబ్బరాయుడికి రోజూ ఒక సరదా. ఎనిమిది దీపాలూ ఆకుపచ్చగా మారినా అయిదోది తెల్లగానే ఉండేది. కావాలనే పది లెక్కపెట్టి అప్పుడు చెయ్యి ఆనించేవాడు. ఇక్కడ సత్తిరాజు దీపంతోనే మాట్లాడేవాడు.

“రా బావా, రా. పెద్దరికం చాల్లే.”

పదో అంకెకి దీపం ఆకుపచ్చగా మారేది. సాయంత్రం కనిపించినప్పుడు సుబ్బరాయుడు అడిగేవాడు.

“ఏరా బామ్మర్దీ, పొద్దున్న నన్ను ఎన్నిసార్లు బతిమాలావేంటి?”

“ఒక్కసారి కూడా లేదు. తిట్టుకున్నానంతే.”

“తిట్టినా పిలిచినట్టేలే. నాకు ఇనపడింది.”

పదహారేళ్ళు అలా జరిగింది.

ముందురోజు సత్తిరాజు ఇంట్లో మనవరాలి అన్నప్రాసన. ఆ వైపు ఒక వాడుక ఉంది. ఇంట్లో ఏ శుభకార్యమైనా, ఇంటి అల్లుణ్ణి ఆ ఇంటి మగవాడు స్వయంగా చెయ్యి పట్టుకుని మొదటి పంక్తిలో కూర్చోబెట్టాలి. పిలవకపోతే అల్లుడు కూర్చోడు. ఆ రోజు వానకి పందిట్లో టార్పాలిన్ కారుతోంది. దాని మూల పట్టుకుని, తడుస్తూ, సత్తిరాజు వరస చూడకుండా కేకేశాడు.

“మిగిలినోళ్ళు కూడా వచ్చి కూకోండయ్యా. అన్నం చల్లారిపోద్ది.”

గుంజ పక్కన సుబ్బరాయుడు నిలబడి ఉన్నాడు.

“మిగిలినోళ్ళలో లెక్కా బామ్మర్దీ నేను?”

“అదేంటి బావా. ఇంట్లో మనిషివి, నీకు వేరే పిలుపేంటి?”

పక్కన ఎవరో నవ్వారు. సుబ్బరాయుడు భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు. విస్తరి ముట్టలేదు. తాయారు చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే పరిగెత్తింది.

దీనికీ ఒక వాడుక ఉంది. అలిగిన బావని మర్నాడు బామ్మర్ది వెళ్ళి పిలవాలి. ఒకసారి పిలిస్తే రాకూడదు. రెండోసారికీ రాకూడదు. మూడోసారి పిలిస్తే లేచి రావాలి. మూడోసారికీ లేవకపోతే అది అలక కాదు, అవమానం. మర్నాడు కట్ట పని అయ్యాక వెళ్ళి పిలుద్దామనే సత్తిరాజు అనుకున్నాడు. 

ఆ తెల్లవారుజామున పాఠం తొమ్మిదో పలక దాకా సాఫీగా నడిచింది. దీపాలన్నీ తెల్లబడ్డాయి. ఒకటి, రెండు, మూడు ఆకుపచ్చ. తొమ్మిది ఆకుపచ్చ. ఆరు, ఎనిమిది, నాలుగు, ఏడు. అయిదోది తెలుపు.

పది లెక్కపెట్టాడు. ఇరవై లెక్కపెట్టాడు.

“రా బావా. పొలాలు మునిగున్నాయి. ఈ రోజు సరసం కాదు.”

రాలేదు. అరగంట నిండింది. ఒజ్జ అందరి పాఠమూ చెరిపేసింది. తొమ్మిది దీపాలూ ఆరిపోయి, మళ్ళీ ఒకటోది పసుపురంగు ఎక్కడం మొదలైంది.

ఈలోగా గది గుమ్మంలోకి జనం వచ్చారు. ముందున్నది నరసమ్మ. రెండెకరాలు కౌలుకి చేస్తోంది. వారం క్రితం ఊడ్చిన మడి, ఆకు కూడా కనపడకుండా మునిగిపోయింది. చీర మోకాళ్ళ దాకా బురద.

“ఏమయ్యా సత్తిరాజూ, పాటు మొదలై గంటైంది. కూత లేదేంటి?”

“అయిదోది రాలేదు పిన్నీ. మళ్ళీ ఎక్కుతోంది.”

“అయిదోదంటే మీ బావేగా. నిన్న పందిట్లో నేనూ ఉన్నాను. ఆయన ముక్కు చూసే అనుకున్నాను, రేపు గొలుసు లేవదురా దేవుడా అని.”

గుమ్మంలో వాళ్ళు నవ్వారు. సత్తిరాజు నవ్వలేదు. రెండోసారి కూడా ఎనిమిది ఆకుపచ్చ, ఒకటి తెలుపు. రెండోసారి కూడా అన్నీ ఆరిపోయాయి.

ఆ దీపం తెల్లగా ఉంది. అది ముఖ్యం. పలక చెడిపోతే పసుపు మీదే ఆగిపోతుంది. లేదా అసలు వెలగదు. తెల్లదీపం అంటే పాఠం వచ్చింది, పలక బాగుంది, చెయ్యి మాత్రమే రాలేదు. సత్తిరాజుకి అది తెలుసు. ఇన్నేళ్ళలో ఆ ముక్క తెలియని రోజు లేదు.

మూడోసారి. ఒకటోది తెల్లబడింది, రెండోది తెల్లబడింది. తొమ్మిదోది దాకా అయింది. చేతులు ఆనించిన వాళ్ళు మళ్ళీ ఆనించారు. అయిదోది తెల్లగా అలాగే చూస్తూ ఉంది.

“మూడుసార్లు పిలిచాను పిన్నీ,” అన్నాడు సత్తిరాజు. “మూడోసారికి లేవాలి. అది మర్యాద.”

“మీ బావామరుదుల మర్యాదలకి నా ఊడుపు కుళ్ళిపోతందయ్యా. ఒంటిగంటకి పోటు తిరుగుద్ది. ఆ తరవాత నువ్వు ఎత్తినా ఒకటే, దించినా ఒకటే.”

ఒజ్జ పక్క గోడకి ఒక దాటుతీగ వేలాడుతూ ఉండేది. ఏదైనా పలక చచ్చిపోతే వాడడానికి. తీగలన్నీ ఆ గదిలోంచే వెళ్తాయి కాబట్టి, చచ్చిన పలక ఉన్న తూము దాకా వెళ్ళక్కర్లేదు. అయిదోదాన్ని దాటించాలంటే అయిదో గూట్లో పాఠం బిళ్ళ తీసెయ్యాలి. లేకపోతే అయిదోదాని పాఠం ఆరోదాని నెత్తిన పడుతుంది. తరవాత నాలుగు నుంచి ఆరుకి దాటుతీగ కట్టి, మేలుకొలుపు తీగలో అయిదోదాని కొస ఊడదియ్యాలి. అప్పుడు గొలుసుకి అయిదు అనే అంకె లేనట్టే. తక్కిన ఎనిమిదీ లేస్తాయి. ఒక్క తూము మూసి ఉన్నా ఒకటి రెండు రోజులు కట్ట తట్టుకుంటుంది.

గొలుసు పెట్టిన ఏడాది ఇంజనీరు రజియా గారు లస్కర్లందరినీ కూర్చోబెట్టి ఈ పని నేర్పించారు. ఆవిడ చివర్లో ఒక మాట మూడుసార్లు చెప్పించారు. “కళ్ళతో చూసి కట్టాలి. తూము దాకా వెళ్ళి, పలక చచ్చిందని చూసి, అప్పుడే దాటుతీగ కట్టాలి.” లస్కర్లు బడిపిల్లల్లా వల్లించారు. ఎందుకు చూడాలో ఆవిడ చెప్పలేదు. ఆవిడకీ అది కట్ట లెక్కే. మనిషి లెక్క ఏ కాగితంలోనూ లేదు.

అయిదో తూము ఆరు కిలోమీటర్లు. ఆ బురదలో సైకిలున్నా సగం దూరం నెట్టుకుంటూ పోవాల్సిందే. వెళ్ళి రావడానికి మూడు గంటలు.

సత్తిరాజు అయిదో గూట్లో బిళ్ళ లాగేశాడు. దాటుతీగ కట్టాడు. అయిదోదాని కొస ఊడదీశాడు. నాలుగోసారి పాఠం నడిచింది. ఎనిమిది తెలుపు, ఎనిమిది ఆకుపచ్చ. మేలుకొలుపు తీగ లేచింది. కట్ట పొడుగునా ఎనిమిది తూములు లేచిన చప్పుడు, వెనకే కూత. గుమ్మంలో జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. నరసమ్మ వచ్చి బురదచేతులతోనే అతని రెండు చేతులూ పట్టుకుంది.

“నీ కడుపు సల్లగుండా. మడి దక్కింది.”

అతనికి గర్వం కలిగింది. ఆరిపోయిన అయిదో దీపం మీద వేలితో తట్టాడు.

“చూశావా బావా. మిగిలినోళ్ళతో కూడా గొలుసు లేత్తది.”

జనం నవ్వారు. ఈసారి అతనూ నవ్వాడు.

పదిన్నరకి తాయారు వచ్చింది. చేతిలో క్యారియర్. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఒరే సత్తీ, బావకి అన్నం తీసుకెళ్తన్నాను. నిన్నట్నించి మెతుకు ముట్టలేదు. పొద్దున్న నేను కూడా నోరు జారానురా.”

“ఏమన్నావు?”

“అంత అలకైతే ఆ తూము కాడే ఉండు, ఇంటికి రాకు అన్నాను. సైకిలెక్కి ఎల్లిపోయాడు.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నువ్వు కూడా రా. నువ్వొచ్చి ఒక్క మాట పిలిస్తే లేత్తాడు.”

“ఒంటిగంటకి తూములు దించాలి అక్కా. అప్పటిదాకా ఒజ్జని వదిలి రాకూడదు.”

“అయితే నేను ముందు ఎల్తుంటాను.”

“నువ్వొక్కదానివే ఎల్తే బెట్టు ఇంకా పెరుగుద్ది. పొద్దున్న ఏం చేశాడో తెలుసా? మూడుసార్లు చెయ్యి ఆనించకుండా ఊరందరి ముందూ నా పరువు తీశాడు. కూకో. ఇద్దరం కలిసే ఎల్దాం. తప్పు నాది, నేనే పిలుస్తాను.”

తాయారు తమ్ముడి మాట ఎప్పుడూ కాదనేది కాదు. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆమే. గది మెట్టు మీద కూర్చుంది. అన్నం చల్లారిపోకుండా క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ కొంగు కప్పింది. అలా రెండున్నర గంటలు కూర్చుంది. మధ్యలో ఒకసారి అడిగింది.

“ఆకలికి ఆగలేడురా. పొద్దున్న చెయ్యి ఆనించలేదంటే నిద్దరపోయాడేమో?”

“నిద్దరా? బావా?” అన్నాడు సత్తిరాజు. “కూకో అక్కా.”

ఒంటిగంటకి తూములు దిగాయి. ఇద్దరూ బురదలో నడిచారు. కట్ట మీద తాయారు ముందు, అతను వెనక. దారిలో ఆమె మాట్లాడుతూనే ఉంది. క్యారియర్లో వంకాయ పులుసు ఉందని, చింతపండు ఎక్కువైందేమోనని, బావకి పులుపు ఉంటేనే ఇష్టమని. నాలుగో తూము దాటాక కట్ట వంపు తిరుగుతుంది. నాలుగోవాడికి, ఆరోవాడికి అయిదోది లేచిందో లేదో కనపడదు, సాయంత్రం దాకా వాళ్ళెవరూ తమ తూము వదిలి కదలరు. వంపు తిరిగాక అయిదో తూము కనపడింది. మెట్ల కింద సైకిలు పడి ఉంది. మెట్టు మీద ఒక చెప్పు. సత్తిరాజు అక్కని దాటి ముందుకి పరిగెత్తాడు.

ఆపు సింధూ. కొంచెం మంచినీళ్ళు ఇయ్యి.

ఇక్కణ్ణుంచి ‘నేను’ అనే రాయి. ఆ సత్తిరాజు మీద తోసేసి చెప్పే సంగతి కాదిది. యాస కూడా సరిచెయ్యకు. ఎలాగ చెబుతున్నానో అలాగే రాయి.

బావ పైన చేతిబిళ్ళ కడ్డీకి ఆనుకుని కూకున్నాడు. ఎడమ పక్కంతా పడిపోయింది, మూతి కూడా. మెట్ల మీద పడి, అక్కణ్ణుంచి కడ్డీ దాకా పాక్కుంటా వచ్చాడు. ఆ బురద చార కనపడింది. మూడు బారలుంటాది. కాళ్ళ మీద గోనెపట్టా కప్పుకుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. నేను చంకలో చెయ్యి పెట్టి చూశాను. ఇంకా ఎచ్చగానే ఉన్నాడు.

ఎర్ర తువ్వాలు ఆ కడ్డీకి కట్టి ఉంది. చేతిబిళ్ళకి బెత్తెడు పైన. గాలికి ఊడకుండా గట్టిగా ముడేసి ఉంది. ఒక కొస పళ్ళతో పట్టుకుని, కుడిచేత్తో ఏసిన ముడి. దూరాన్నించి ఎవరికన్నా కనపడాలని కట్టాడు.

నీకు అర్థమైందా తల్లీ? ఆ తువ్వాలు కట్టిన చెయ్యి చేతిబిళ్ళకి అందుద్ది. అందినా ఆనించలేదు. ఆనిత్తే దీపం పచ్చబడుద్ది, గొలుసు లేచిపోద్ది, అందరూ ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. ఆనించకపోతే నేను వత్తాను. పలక సంగతి చూడ్డానికి వత్తానో, తిట్టడానికి వత్తానో, బతిమాలడానికి వత్తానో, మొత్తానికి వత్తాను. పదహారేళ్ళు ఆ దీపంలోంచి నా మాట ఇనపడిందనుకున్నాడు గదా. అందుకని ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూకున్నాడు. మూడుసార్లు బావని నేను పిలిచాననుకున్నాను. పిలిచింది తను.

అక్క మెట్లెక్కేలోపు నేను ఆ ముడి విప్పేశాను. విప్పి తువ్వాలు ఆయన మొహం మీద కప్పాను. అక్క చూసింది కప్పిన మొహమే. కడ్డీకి కట్టిన తువ్వాలు చూడలేదు.

డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు, ఒంటిగంట దాకా ప్రాణం ఉందయ్యా, పొద్దున్న ఎవరన్నా చూసుంటే దక్కేవాడు అని. నేను అక్కతో, పడగానే పోయాడంట అక్కా, బాధ తెలీలేదంట అన్నాను. ఆఫీసు వాళ్ళు వచ్చి అడిగితే, అయిదో దీపం అసలు ఎలగలేదండి, పలక చచ్చిపోయిందండి, అందుకే దాటుతీగ కట్టానండి అన్నాను. వాళ్ళు వచ్చేలోపే ఆ పలక పీకి ఉప్పునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టేశాను. వాళ్ళు చూసి చచ్చిందనే రాసుకున్నారు. ఆ రోజు ఎక్కిన పాఠం ఎలాగూ సాయంత్రానికి చెరిగిపోయింది. గుమ్మంలో జనానికి దీపాల రంగుల అర్థం తెలీదు, తెల్లదీపం అంటే ఏంటో తెలిసి చూసినోణ్ణి నేనొక్కణ్ణే. దాటుతీగ ఇంక ఎవరూ వాడకూడదని తరవాత ఆఫీసు వాళ్ళే తీసుకుపోయారు. నన్ను ఒక్క మాటన్నోడు లేడు. కట్ట కాపాడానని నరసమ్మ ఏటా కొత్తబియ్యం పంపేది, పోయేదాకా. అవి నువ్వూ తిన్నావు.

అక్క మాత్రం ‘అక్కడే ఉండు, రాకు’ అన్న మాట పట్టుకుంది. నా నోటితోనే పంపేశాన్రా సత్తీ అంటది. ఇరవై రెండేళ్ళ నుంచి అంటానే ఉంది. వంకాయ పులుసు మళ్ళీ వండలేదు. నేను ఇంటాను. ‘నీ మాటకి కాదక్కా’ అని నోటి దాకా వత్తది. అక్కడ ఆగిపోద్ది. ఫోన్లో ‘ఒరే సత్తీ, తిన్నావా’ అంటది, అంతే, నా వల్ల కాదు. దానికి చదువు రాదు, నాకు రాయడం రాదు. మధ్యలో నువ్వున్నావు.

ఆదివారం అక్క ఉంటన్న మెట్ట మీద కాలనీకి ఎల్లు. ఎల్లగానే ఈ కాయితాలు తియ్యకు. అది అన్నం తిన్నాక తియ్యి. ముందు చదివితే ముద్ద దిగదు. మధ్యలో నిన్ను ఆపమంటది, ఏడుత్తది. తువ్వాలు కట్టిన కాడికి వచ్చేదాకా మాత్రం ఆపకు. బావ దాని మాటకి అక్కడుండిపోలేదని దానికి తెలియాలి. నేనొత్తానని ఉన్నాడు. మెట్టు మీద అన్నం ఒళ్ళో పెట్టుకుని అది కూకున్నంతసేపూ ఉన్నాడు. దాన్ని కూకోబెట్టింది నేను.

తరవాత అది నాకు ఫోన్ చేత్తే చేత్తది, లేకపోతే లేదు. నువ్వు అడగకు.

మీ తాయారు మామ్మకి ఇది చదివి వినిపించు తల్లీ. నేను చెప్పినంత నిదానంగా చదువు.